అత్తగారి గడ్డం బల్లి

వంటింట్లో చాకు టకటకా ఆడుతున్న చప్పుడుకి కోడలికి మెలకువ వచ్చింది. పక్కన మొగుడు గుర్రు పెట్టి నిద్రపోతున్నాడు. అతను లిఫ్టు మెకానిక్కు. ఏ మేడలో ఎవరు లిఫ్టులో ఇరుక్కున్నా మొదట మోగేది అతని ఫోనే కాబట్టి, అది మోగనంతసేపూ నిద్రపోవడం తన హక్కని అతని నమ్మకం. ఆమె జుట్టు ముడి వేసుకుంటూ వంటింటి గుమ్మం దాకా వచ్చి అక్కడే ఆగిపోయింది.

అత్తగారు ఆకుకూర తరుగుతోంది. మామూలుగా తరగడం కాదది. ఈనెలు తీసి, కాడలు తీసి, మిగిలిన లేత ఆకుని గోరంత ముక్కలు చేసి, పైన చిటికెడు కాల్షియం పొడి చల్లి, వేలి కొసతో కలుపుతోంది. ఇంట్లో మనుషులకి వండేటప్పుడు ఆవిడ ఏనాడూ ఈనెలు తీసిన పాపాన పోలేదు. "లేచావా? పాలు కాగాయి, తాగు," అని కోడలితో అని, ఆ ముక్కలు చిన్న మూతలో పెట్టుకుని తన గదిలోకి వెళ్ళింది. గడప దాటగానే ఆ గొంతు కాస్తా మరో మనిషి గొంతైపోయింది.

"లేచావా నా బంగారుకొండా? నిద్ర పట్టిందా నాన్నా? ఏదీ, ఒక్క ముక్క... మా తండ్రివి కదూ, నా మాట వింటావు కదూ... ఆఁ, అదీ!"

కోడలికి ఒళ్ళు మండిపోయింది. ఎందుకు మండదు చెప్పండి? ఆ బంగారుకొండ మనిషి పిల్లయితే సరే అనుకోవచ్చు. కుక్కపిల్లో పిల్లికూనో అయినా సర్దుకుపోవచ్చు. అదొక బల్లి! మూరెడు పొడుగు, ఒళ్ళంతా ముళ్ళ పొలుసులు, మెడ కింద గరుకు గడ్డం, ఎటు చూస్తున్నాయో తెలియని గుండ్రటి కళ్ళు. దాన్ని బియర్డెడ్ డ్రాగన్ అంటారని జంతువుల డాక్టరమ్మ చెప్పిందట. కోడలు మాత్రం గడ్డం బల్లి అనే అంటుంది, అదీ పళ్ళు నూరుకుంటూ.

పై అంతస్తులో అద్దెకున్నవాళ్ళు ఇల్లు ఖాళీ చేసి పోతూ, మెట్ల కింద విరిగిన కుర్చీలతోపాటు ఒక గాజుపెట్టె కూడా పడేసి పోయారు. అందులో ఇసుక, ఇసుక మీద ఎండిపోయి ఈ బల్లి. చచ్చిందనుకుని వాచ్‌మన్ చీపురు తెచ్చాడు. ఇంతలో పాల కోసం కిందకి దిగిన అత్తగారు అతన్ని ఆపి, వంగి, రెండు వేళ్ళు దాని పక్కటెముకల మీద ఆనించి కాసేపు కదలకుండా ఉండిపోయింది. "ఊపిరుంది," అంది. పెద్దాసుపత్రి కాన్పుల వార్డులో నర్సుగా చేసి రిటైరైన మనిషి, ఆ వేళ్ళకి ఊపిరి తెలుస్తుంది. అదిగో, ఆ పూట మొదలైంది కోడలికి ఈ కడుపుమంట.

డాక్టరమ్మ చెప్పిందల్లా అత్తగారు పొల్లుపోకుండా చేసింది. ఇసుక తీసేసి కాగితాలు పరిచింది. పెట్టెకి ఒక పక్క వేడి దీపం, పైన ఎండలాంటి వెలుగిచ్చే ట్యూబు పెట్టించింది. కాల్షియం లేక వంకర తిరిగిన వెనక కాలి కింద మెత్తటి గుడ్డ మడత పెట్టింది. కుబుసం ఊడిరాక బిగుసుకుపోయిన దాని వేళ్ళని గోరువెచ్చటి నీళ్ళలో నానబెట్టి, తడి దూదితో ఒక్కొక్కటే ఒలిచేది. నోరు తెరవకపోతే సూది లేని సిరంజితో పెదవి అంచున మందు చుక్క చుక్కగా వేసేది. చుక్క లోపలికి పోయినప్పుడల్లా ఆవిడ ముఖం వెలిగిపోయేది.

"దానికి చేస్తున్నదాంట్లో పావు వంతు మనుషులకి చేస్తే ఎంత బాగుండును," అంది కోడలు ఆ పొద్దున మొగుడి చేతికి టిఫిను డబ్బా ఇస్తూ.

"నీకు అమ్మ ఏం తక్కువ చేసిందే?" అన్నాడతను బూట్లు వేసుకుంటూ. "నీకు జ్వరమొస్తే మందులిచ్చింది. నీకు పని ఎక్కువైతే వంట చేస్తుంది. ఒక్క మాట అనదు. నా స్నేహితుల ఇళ్ళల్లో అత్తాకోడళ్ళ గోల వినాలి నువ్వు."

"అదేనండీ నేను చెప్పేది. ఒక్క మాట అనదు."

"అంటే బాధా, అనకపోతే బాధా?"

"మీకర్థం కాదులెండి. ఫోను మోగుతోంది, వెళ్ళండి. ఎవరో ఇరుక్కున్నట్టున్నారు."

అతనికి అర్థం కాలేదంటే అతని తప్పు కాదు. ఇది నోరు విడిచి చెప్పుకునే బాధ కాదు. కోడలికి ఊహ తెలియకముందే తల్లి పోయింది. పెళ్ళి కుదిరినప్పుడు పెళ్ళికొడుకు కంటే ముందు ఆమె పెళ్ళికొడుకు తల్లిని చూసి మురిసిపోయింది. ఇంతకాలానికి నాకూ ఓ అమ్మ దొరుకుతోంది అనుకుంది. తలకి నూనె రాస్తుందని, కోపమొస్తే తిడుతుందని, అలిగితే బుజ్జగిస్తుందని ఏవేవో ఊహించుకుంది. తీరా చూస్తే అత్తగారు తిట్టనూ తిట్టదు, బుజ్జగించనూ బుజ్జగించదు. ఒంట్లో బాగోలేదంటే మందుబిళ్ళా నీళ్ళ గ్లాసూ బల్ల మీద పెట్టి, "వేసుకో" అని వెళ్ళిపోతుంది. గయ్యాళి అత్తయితే పోట్లాడుకోవచ్చు. మంచితనాన్ని పట్టుకుని ఏం పోట్లాడుతుంది?

పోనీ అదీ సర్దుకుంది. మనిషి తీరే అంత అనుకుంది. కానీ కిందటేడు ఏడో నెలలో ఆమె కడుపులోని బిడ్డ లోపలే పోయింది. మత్తులోంచి లేచేసరికి అంతా అయిపోయింది. చూడలేదు, ఎవర్నీ అడగలేదు. ఇంటికి వచ్చి గోడవైపు తిరిగి పడుకుంది. అత్తగారు దుప్పట్లు మార్చింది, వేళకి మందులిచ్చింది, జ్వరం చూసింది, గిన్నె పట్టుకొచ్చి తినేదాకా నిలబడింది. అంతే. తల మీద చెయ్యి వెయ్యలేదు. ఓ మాట అనలేదు. ఆ మాట కోసం ఆమె ఎన్నాళ్ళు గోడవైపు తిరిగి చెవులు రిక్కించుకుని పడుకుందో గోడకే తెలియాలి. చివరికి లేచి కుట్టుమిషను ముందు కూర్చుంది. ఇంట్లో ఆ ఊసు మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

ఇప్పుడు అవే పెదవుల నుంచి, అదే ఇంట్లో, పక్క గదిలోంచే, పొద్దస్తమానం ముద్దుమాటలు. ఎవరికి? బల్లికి!

ముందు గదే ఆమె కుట్టుపని కొట్టు. కిటికీ దగ్గర మిషను, మధ్యలో గుడ్డ కత్తిరించే బల్ల, ఒక మూల తెర కట్టి చక్రాల స్టాండు మీద నిలువుటద్దం. వెనక అత్తగారి గది. ఆ రోజు బ్యాంకులో పనిచేసే ఆవిడ గౌను కొలత సరిచూసుకోవడానికి వచ్చింది. కోడలు మోకాళ్ళ మీద కూర్చుని గౌను అంచు మడిచి గుండుసూదులు గుచ్చుతోంది. గౌను మీదకి ఏదో ఎగిరి దూకింది. బ్యాంకావిడ కెవ్వుమంది. గుండుసూదులన్నీ చెల్లాచెదురయ్యాయి.

"కంగారు పడకండి, కీచురాయే!" అంటూ అత్తగారు గదిలోంచి పరిగెత్తుకొచ్చింది. బల్లి మేతకని తెచ్చిన కీచురాళ్ళ డబ్బా మూత సరిగ్గా పడనట్టుంది. నేల మీద నాలుగు కాళ్ళ మీద పాకి, బల్ల కింద దూరి, దాన్ని గుప్పిట్లో పట్టుకుని లేచి, "హమ్మయ్య! మావాడి భోజనం!" అని లోపలికి వెళ్ళిపోయింది. పడిన గుండుసూదుల సంగతి ఆవిడకి పట్టలేదు.

బ్యాంకావిడ నవ్వు ఆపుకోలేకపోయింది. "మీ అత్తగారికి అదంటే ఎంత ప్రేమండీ! ఈ వయసులో ఆ పాకడం చూడండి. మీరు అదృష్టవంతులు, ప్రేమగల మనిషి ఇంట్లో ఉంది."

"ఆఁ, ఉంది," అంది కోడలు నోట్లో రెండు గుండుసూదులు కరుచుకుని. నోట్లో అవి లేకపోతే ఇంకేం అనేదో!

మర్నాడు ఆమె అద్దం జరిపింది. తెర వెనక వెలుతురు చాలడం లేదని, అత్తగారి గదిలో పెడితే కొలత చూసుకునేవాళ్ళు తలుపు వేసుకోవచ్చని చెప్పింది. చెప్పిన కారణం బాగానే ఉంది. కానీ అది కారణం కాదు. అద్దాన్ని అత్తగారి గదిలో గుమ్మానికి ఎదురు గోడకి చేర్చి, గాజుపెట్టెకి ఎదురుగా నిలబెడితే, మిషను దగ్గర కూర్చున్న ఆమెకి పెట్టె అవతల ఉన్న అత్తగారి కుర్చీ, కుర్చీలో ఆవిడ ముఖం స్పష్టంగా కనబడతాయి. ఆమెకి కావలసింది అదే. చూడకుండా ఉండలేకపోతోంది, చూస్తే ఓర్చుకోలేకపోతోంది. ఏం చేస్తుంది మరి?

అత్తగారు అద్దం వైపు చూసింది. కోడలి వైపు చూసింది. "ఉండనీ," అంది.

ఇక ఆమె కుట్టు సగం, చూపు సగం. మిషను చప్పుడులో మాటలు వినబడేవి కాదు. అద్దంలో పెదవులు కదిలేవి. వినబడని మాటలన్నీ ఆమే ఊహించుకునేది, ఊహించుకున్న ప్రతి మాటకీ కళ్ళల్లో నిప్పులు పోసుకునేది. అత్తగారు ఆ బల్లిని గుండెకి ఆనించుకుని కూర్చునేది. దాని గడ్డం కింద వేలితో నిమిరేది. అప్పుడప్పుడూ తలెత్తి అద్దం వైపు చూసేది. వెంటనే కోడలు సూది మీదకి వంగిపోయేది. ఈ ధ్యాసలో ఒక కోటుకి ఎడమ చెయ్యి కుడివైపూ, కుడి చెయ్యి ఎడమవైపూ కుట్టేసింది. ఆమె చేతి పనిలో అలాంటి పొరపాటు ఎప్పుడూ జరగలేదు. విప్పుతూ విప్పుతూ ఆ కోపం కూడా బల్లి ఖాతాలోనే వేసింది.

మొదట కాస్త కోలుకున్న బల్లి మళ్ళీ తిండి మానేసింది. లేత గడ్డిరంగులో ఉండే గడ్డం బొగ్గులా నల్లబడింది. గడ్డం ఉబ్బించుకుని, తల ఎగరేస్తూ, గాజు గోడని గోళ్ళతో గీరుతూ అటూ ఇటూ తిరిగేది. తిరిగి తిరిగి ఓపిక లేక బోర్లా పడిపోయేది. అత్తగారు దీపం ఎత్తు మార్చింది, మందు మార్చింది, ఆకు మార్చింది. ఏదీ పని చెయ్యలేదు. ఆవిడ ముఖం పీక్కుపోయింది.

నిజం చెప్పాలంటే, దాని పని అయిపోవచ్చిందని తెలిసినప్పుడు కోడలి మనసులో ఓ మూల చల్లగా అనిపించింది. ఆ చల్లదనం చూసి ఆమె తనకి తనే భయపడింది. ఒక నోరులేని ప్రాణి పోతుంటే సంతోషించేంతగా కుళ్ళిపోయానా అనుకుంది. అలా అనుకున్నా మంట తగ్గలేదు.

ఆ మధ్యాహ్నం మొగుడు భోజనానికి ఇంటికి వచ్చాడు. ముగ్గురికీ కోడలే వడ్డించింది. అత్తగారు రెండు ముద్దలు కలిపి, కంచం పక్కకి జరిపి లేచింది.

"అదేంటి?" అంది కోడలు.

"ఆకలిగా లేదమ్మాయ్. అది పొద్దుట్నుంచీ నీటిచుక్క కూడా ముట్టలేదు."

"అది తినకపోతే మీరు మానేస్తారా?"

"ఒక్క పూటకేం కాదులే."

"ఒక్క పూటా? నిన్న కూడా అంతే. నేను చూడ్డంలేదనుకున్నారా?"

"అబ్బా, తినే చోట ఎందుకే ఇవన్నీ," అన్నాడు మొగుడు.

"మీరుండండి!" అంది ఆమె. గరిటె గిన్నెలో పడేసింది. "ఇన్నాళ్ళూ ఉన్నాను కదా నోరు మూసుకుని. ఇవాళ అడుగుతాను. అత్తయ్యా, నేను ఆసుపత్రి నుంచి వచ్చి ఆ గదిలో పడుకున్నాను. మీరు దుప్పటి మార్చారు, మందులిచ్చారు, కాదనను. ఒక్క మాట మాట్లాడారా నాతో? ఏడవకే అన్నారా? పోనీ ఏడువు అన్నారా? నా బిడ్డ పోతే పెగలని నోరు, ఈ బల్లి మేత మానేస్తే ఎలా పెగులుతోంది మీకు? బంగారమట! తండ్రట! కొండట! ఆ ముద్దుల్లో ఒక్కటి నాకు పడేస్తే మీ సొమ్మేం పోయేది? నాకు పోయి ఏడవడానికి పుట్టింట్లో అమ్మ లేదు. ఉన్నది మీరొక్కరే. ఉన్న ఒక్కరికీ నాకంటే బల్లే ఎక్కువైతే నేనెవరితో చెప్పుకోవాలి?"

మొగుడు తల్లి వైపూ పెళ్ళాం వైపూ మార్చి మార్చి చూశాడు. ఫోను మోగింది. ఏ మేడలో ఎవరు ఇరుక్కున్నారో గానీ వాళ్ళు అతని పాలిట దేవుళ్ళయ్యారు. చెయ్యి కడుక్కుని గబగబా వెళ్ళిపోయాడు.

అత్తగారు గదిలోకి వెళ్ళి, బల్లిని తువ్వాల్లో చుట్టి బుట్టలో పెట్టుకుని వచ్చింది.

"డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలి," అంది. "ఒక్కదాన్నీ వెళ్ళలేను. కాళ్ళు వణుకుతున్నాయి. వస్తావా?"

ఇంత దులిపేశాక ఆ మనిషి అడిగిన మాట ఇది! కోడలికి ఏడవాలో అరవాలో తెలియలేదు. కానీ ఆవిడ కాళ్ళు నిజంగానే వణుకుతున్నాయి. చెప్పులు వేసుకుని బుట్ట అందుకుంది.

డాక్టరమ్మ బల్లిని తూచింది, నోరు తెరిచి చూసింది, పొట్ట తడిమింది. రోగమేమీ కనబడడం లేదంది. పెట్టె ఎక్కడుంది, చుట్టుపక్కల ఏముంది, కొత్తగా ఏమైనా మార్చారా అని అడిగింది.

"ఏమీ మార్చలేదండీ," అంది అత్తగారు.

"ఎదురుగా ఇంకో జంతువు ఏదైనా? కుక్క, పిల్లి? పోనీ మెరిసే వస్తువు? అద్దం లాంటిది?"

"అద్దం ఉంది," అంది కోడలు తల వంచుకుని.

"ఇంకేం, అదే! ఇది మగది. అద్దంలో ఉన్నది తనేనని దీనికి తెలియదు. తన చోటు లాక్కోవడానికి ఇంకోటెవరో వచ్చి కూర్చున్నారనుకుంటుంది. గడ్డం నల్లబరుచుకుని దాంతో యుద్ధానికి దిగుతుంది. ఇది తల ఎగరేస్తే అదీ ఎగరేస్తుంది, ఇది ఉబ్బితే అదీ ఉబ్బుతుంది. అది ఎప్పటికీ వెళ్ళదు కదా! తిండీ నిద్రా మానేసి కాపలా కాస్తుంది. ఇలాగే ఇంకొన్నాళ్ళుంటే ప్రాణానికే ముప్పు. అద్దం తీసెయ్యండి చాలు."

"నాదే పొరపాటు," అన్నారు ఇద్దరూ ఒక్కసారే. డాక్టరమ్మ ఇద్దర్నీ వింతగా చూసింది.

బస్సులో పక్కపక్కనే కూర్చున్నారు. బుట్ట కోడలి ఒళ్ళో ఉంది. తువ్వాలు సందులోంచి బల్లి తల కనబడుతోంది. తన చోటు ఎవరో లాక్కుంటున్నారని నిజంగా లేని శత్రువుతో పోట్లాడి పోట్లాడి చావుకి తయారైన ప్రాణి. కోడలు దాని వైపు చూడలేక కిటికీలోంచి బయటకి చూసింది. నేను చేసిందీ ఇదే కదా అనుకుంది. తువ్వాలు కాస్త పైకి లాగి గాలి తగలకుండా కప్పింది.

ఇంటికి రాగానే ముందు అద్దాన్ని బయటకి దొర్లించి గోడవైపు తిప్పి పెట్టింది. అత్తగారు బల్లిని దీపం కింద పడుకోబెట్టింది. ఇద్దరూ పెట్టెకి చెరోవైపూ నేల మీద కూర్చున్నారు. చాలాసేపటికి దాని గడ్డం అంచున నలుపు విరగడం మొదలైంది. కళ్ళు మూసుకుని మొదటిసారి ఒళ్ళు వదిలేసి నిద్రపోయింది.

"అద్దం తెచ్చింది నేను అత్తయ్యా," అంది కోడలు. "పొరపాటు మీదంటారేంటి? వెలుతురు కోసం తేలేదు. మీరు దాన్ని ముద్దు చేస్తుంటే చూడ్డానికి తెచ్చాను. చూసి కుళ్ళుకోవడానికి."

"తెలుసు."

"తెలుసా?"

"అద్దంలో నేను నీకు కనబడితే నువ్వు నాకు కనబడవా పిచ్చిదానా? జరిపిన రోజే చూశాను."

"మరి తీసెయ్యమని అనలేదేం?"

అత్తగారు చీర కొంగు వేలికి చుట్టుకుంటూ కూర్చుంది. "ఆసుపత్రి నుంచి వచ్చాక నువ్వు నా ముఖంలోకి చూడ్డం మానేశావు. నీ ఎదురుగా నిలబడి నిన్ను చూసే ధైర్యం నాకూ లేకపోయింది. అద్దం వచ్చాక నీ ముఖం కనబడేది. తల వంచుకుని కుడుతుంటే తనివితీరా చూసుకునేదాన్ని. తిన్నదా లేదా, కళ్ళు వాచాయా, కాస్త ఒళ్ళు చేసిందా అని. ఈ పిచ్చి ముండాకొడుకు గడ్డం నల్లబడుతుంటే దీనికేం కనబడుతోందో ఒక్కసారి చూడాలని నాకు తోచలేదు. తోస్తే అద్దం తీసెయ్యాల్సొచ్చేది కదా."

కోడలు ఆ అద్దంలో అన్నాళ్ళూ చూసింది అత్తగారిని. అత్తగారు చూసింది ఆమెని. ఒక్కరూ నోరు విప్పలేదు, మధ్యలో బల్లి ప్రాణం మీదకి వచ్చింది.

"ఒక్క మాట అనుంటే సరిపోయేది అత్తయ్యా. ఏదో ఒక మాట."

"ఏం మాట అనను? నేను పనిచేసిన వార్డులో అలా పోగొట్టుకున్న తల్లులు ఎంతమందో. ప్రతి మంచం దగ్గరా నిలబడి 'ఊరుకో తల్లీ, మళ్ళీ పుడతారు' అనేదాన్ని. అని పక్క మంచానికి వెళ్ళిపోయేదాన్ని. ఉద్యోగం అది. అరిగిపోయిన మాట. అదే మాట నీకు చెప్పాలని నీ మంచం దాకా వచ్చేదాన్ని, నోరు వచ్చేది కాదు. నీకు చెప్పడానికి అది సరిపోదు. ఇంకో మాట నాకు రాదు. దుప్పటి మార్చి వెళ్ళిపోయేదాన్ని."

"దీనికి మాత్రం అన్నీ వచ్చాయి."

"ఇవి దీని కోసం వచ్చినవి కాదే," అంది అత్తగారు. చెప్పాలా వద్దా అన్నట్టు కోడలి ముఖంలోకి చూసింది. ఈసారి కోడలు చూపు తిప్పుకోలేదు.

"ఆ రోజు నేను లోపలే ఉన్నాను. నాతో పనిచేసినవాళ్ళే కదా, రానిచ్చారు. నీకు మత్తిచ్చారు. బిడ్డని గుడ్డలో చుట్టి పక్క బల్ల మీద పెట్టబోయారు. అలాగే పెడతారు, నేనూ ఎన్నోసార్లు పెట్టాను. ఆ రోజు మాత్రం... ఇటివ్వండి అన్నాను. ఎత్తుకున్నాను. వాళ్ళు వచ్చి ఇక ఇచ్చెయ్యండి సిస్టర్ అనేదాకా దించలేదు."

"ఎత్తుకున్నారా?" అంది కోడలు. "నా బిడ్డనా?"

"ఎవరూ ఎత్తుకోకుండా ఎలా పంపనే? మన పిల్ల."

"పిల్లా? ఆడపిల్లా?"

"ఆడపిల్ల. అప్పుడు వచ్చాయి నాకు ఆ మాటలన్నీ. బంగారం అన్నాను, కొండ అన్నాను, తల్లీ తండ్రీ అని నోటికొచ్చినవన్నీ అన్నాను. దాంతో అయిపోయాయి అనుకున్నాను. నీ దగ్గర అవి అంటే నీకు గుర్తొస్తుందని భయం. ఎవరి దగ్గరా అనకుండా నోరు కట్టేసుకున్నాను. మెట్ల కింద దీన్ని చేతుల్లోకి తీసుకున్నప్పుడు నా ప్రమేయం లేకుండా వచ్చేశాయి. అంతేనమ్మా. దీని మీద ప్రేమ లేదనను. కానీ నువ్వు అసూయ పడాల్సిన మాటలు కావవి. నీ కూతురివే."

కోడలు ఏడ్చింది. కిందటేడు ఏడవాల్సిన ఏడుపంతా ఒక్కసారిగా, గది ప్రతిధ్వనించేలా, ముక్కూ కళ్ళూ ఏకమయ్యేలా ఏడ్చింది. అత్తగారు పెట్టె చుట్టూ తిరిగి వచ్చి పక్కన కూర్చుంది. ఎక్కడ చెయ్యి వెయ్యాలో తెలియనట్టు ఓ క్షణం తడబడింది. కోడలే ఆ చేతులు రెండూ లాక్కుని తన ముఖానికి అదుముకుంది. తను చూడని బిడ్డని మోసిన చేతులవి. వాటిని వాసన చూసింది, ముద్దు పెట్టుకుంది, మళ్ళీ అదుముకుంది.

పని ముగించుకుని వచ్చిన మొగుడు గుమ్మంలోనే నిలబడిపోయాడు. "బల్లి పోయిందా?" అన్నాడు బెదురుగా. అత్తగారు తల అడ్డంగా ఊపి, కళ్ళతోనే అతన్ని లోపలికి వచ్చి కూర్చోమంది. అతను బూట్లు కూడా విప్పకుండా తల్లి పక్కన చతికిలబడ్డాడు.

కోడలు కొంగుతో ముఖం తుడుచుకుంది. అత్తగారి చేతులు మాత్రం వదల్లేదు.

"ఎవరి పోలిక అత్తయ్యా?" అంది. "జుట్టుందా? వేళ్ళు ఎలా ఉన్నాయి? ఏదీ వదలకుండా చెప్పండి. మొదట్నుంచీ చెప్పండి."

అత్తగారు గొంతు సవరించుకుని చెప్పడం మొదలుపెట్టింది.